ముందు మెట్టు దిగేదెవరు?

ఒక రోజు ఇషా నమాజు అయ్యాక మసీదు వరండాలో ఒక యువకుడు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. ఇంజినీరింగు చదువుతున్న కుర్రవాడు, నమాజు క్రమం తప్పనివాడు. చేతిలోని నోటుపుస్తకం తెరిచి నాలుగు గళ్ళ పట్టిక ఒకటి చూపించాడు. "మౌలానా సాబ్, మాకు ఈ పాఠం చెప్పారు. దీని ప్రకారం తెలివిగలవాడు ఎదుటివాణ్ణి మోసగించి తీరాలి. నమ్మకంగా ఉన్నవాడు నష్టపోతాడని లెక్కతో సహా రుజువు చేశారు. మీరు జుమా ప్రసంగంలో చెప్పేది దీనికి విరుద్ధంగా ఉంది. మరి మీ మాట విని నడుచుకునేవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. బాధ ఉంది. నిజాయితీగా బతకాలనుకునే మనిషికి, నీ నిజాయితీ కేవలం అమాయకత్వమని ఎవరో లెక్క వేసి చూపిస్తే కలిగే బాధ అది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "అది ఇహలోకపు లెక్క, మనది పరలోకపు లెక్క" అని చెప్పి పంపించేయవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని ప్రశ్నను అర్థం చేసుకోకముందే సమాధానం చెప్పడం మదరసాలో మా ఉస్తాదులు నేర్పిన పద్ధతి కాదు. ఎదుటివాడి వాదాన్ని అతనికన్నా బాగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని ఖండించడానికి పూనుకోవాలని వారు అనేవారు. అందుకే గడువు అడిగాను. ఆ అబ్బాయి తెచ్చిచ్చిన పుస్తకాలు చదివాను. తర్కశాస్త్రం, అదే మన్‌తిఖ్, చదువుకున్నవాడికి ఆ పట్టికలు మరీ కొత్తగా అనిపించవు. చదివాక ఒకటి తెలిసింది. ఆ శాస్త్రం ఆ కుర్రవాడు భయపడినంత చెడ్డదీ కాదు, మనం తేలిగ్గా తోసిపుచ్చగలిగినదీ కాదు.

ఇద్దరు ఖైదీలు

ఆ పాఠం గేమ్ థియరీకి, అంటే క్రీడా సిద్ధాంతానికి సంబంధించినది. పేరుకు ఆటే గాని ఇది పిల్లల ఆట కాదు. నా లాభనష్టాలు నా నిర్ణయం మీదే కాక ఎదుటివాడి నిర్ణయం మీద కూడా ఆధారపడినప్పుడు ఏ నిర్ణయం ఎవరిని ఎక్కడికి చేరుస్తుందన్నది దీని విషయం. వ్యాపారం, కాపురం, ఇరుగుపొరుగు, యుద్ధం, సంధి, అన్నీ ఇందులోకి వస్తాయి.

1950లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పనిచేస్తున్న మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అనే గణితవేత్తలు ఒక చిన్న ఆటను తయారుచేశారు. అదే ఏడాది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆల్బర్ట్ టకర్ దానికి ఒక కథ తొడిగాడు. ఇద్దరు నిందితుల్ని పోలీసులు వేర్వేరు గదుల్లో ఉంచారు. ఇద్దరూ నోరు మెదపకపోతే ఇద్దరికీ ఏడాది చొప్పున శిక్ష పడుతుందనుకుందాం. ఒకడు రెండోవాడి మీద చెప్పేస్తే చెప్పినవాడు విడుదలవుతాడు, మౌనంగా ఉన్నవాడికి పదేళ్ళు. ఇద్దరూ చెప్పేస్తే ఇద్దరికీ అయిదేళ్ళు.

ఇప్పుడు ఒక్కొక్కడు ఇలా ఆలోచిస్తాడు: "వాడు మౌనంగా ఉంటే, నేను చెప్పేస్తే నాకు విడుదల. వాడు చెప్పేస్తే, నేనూ చెప్పేయడం వల్ల పదేళ్ళు కాస్తా అయిదవుతాయి. ఎటు చూసినా చెప్పేయడమే మేలు." రెండోవాడూ ఇలాగే ఆలోచిస్తాడు. ఫలితంగా ఏడాదితో పోయేదానికి ఇద్దరూ అయిదేళ్ళు జైల్లో ఉంటారు. ఇద్దరూ తెలివిగానే ఆలోచించారు, ఇద్దరూ నష్టపోయారు. మన కుర్రవాడి పట్టిక ఇదే.

అయితే ఫ్లడ్, డ్రెషర్ తమ ఆటను కాగితం మీదే వదిలేయలేదు. తమకు తెలిసిన ఇద్దరు విద్యావంతులతో, ఆర్థికవేత్త ఆర్మెన్ ఆల్చియన్‌తో, గణితవేత్త జాన్ విలియమ్స్‌తో, వరసగా 100 సార్లు ఆడించారు. సిద్ధాంతం ప్రకారం ప్రతిసారీ ఇద్దరూ ద్రోహం చేసుకోవాలి. కాని 100లో 60 సార్లు ఇద్దరూ సహకరించుకున్నారు. అంటే మనుషులు పట్టికలోని మనుషుల్లా ప్రవర్తించలేదు. ఎందుకంటే ఇద్దరికీ తెలుసు, రేపు మళ్ళీ ఎదురుపడాలని.

చెల్లుకు చెల్లు

ఆ తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే రాజనీతి పరిశోధకుడు ఈ ఆటకు కంప్యూటర్ల పోటీ పెట్టాడు. ఫలితాలు 1980లో ప్రచురించాడు. ఆర్థిక, మనస్తత్వ, సామాజిక, గణిత శాస్త్రాల నిపుణులు మొత్తం 14 వ్యూహాలు పంపారు. ఒక్కొక్కటి మిగతా అన్నింటితో 200 సార్లు చొప్పున తలపడింది. కొన్ని చాలా జిత్తులమారివి. అదను చూసి దెబ్బకొట్టేవీ, ఎదుటివాడి మెతకతనాన్ని పరీక్షించేవీ అందులో ఉన్నాయి.

గెలిచింది మాత్రం అన్నింటికన్నా చిన్నది. దాన్ని పంపినవాడు అనటోల్ రాపొపోర్ట్. దాని పేరు "టిట్ ఫర్ టాట్". మన భాషలో "చెల్లుకు చెల్లు" అనుకోండి. దాని నియమాలు రెండే. మొదటిసారి సహకరించు. తర్వాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేశాడో ఈసారి నువ్వు అదే చెయ్యి. ఆక్సెల్‌రాడ్ రెండోసారి పోటీ పెడితే ఆరు దేశాల నుంచి 62 వ్యూహాలు వచ్చాయి. రాపొపోర్ట్ అదే పంపాడు. మళ్ళీ అదే గెలిచింది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ వ్యూహం ఏ ఒక్క ఆటలోనూ తన ఎదుటివాడికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకోలేదు, తెచ్చుకోలేదు కూడా, ఎందుకంటే ఎప్పుడూ ముందుగా దెబ్బ కొట్టదు. మహా అయితే సమానంగా నిలుస్తుంది. ఎవ్వర్నీ ఓడించకుండానే అందరిలో మొదటి స్థానం పొందింది. మొదటి పోటీలో తమంతట తాముగా ముందు ద్రోహం చేయని వ్యూహాలు ఎనిమిది ఉన్నాయి. పై ఎనిమిది స్థానాలూ వాటివే. పొరుగువాడు బాగుపడితే తాను చెడిపోయినట్టు భావించే ఈర్ష్యాపరులు ఈ ఫలితాన్ని మళ్ళీ మళ్ళీ చదవాలి.

ఇక్కడ ఆగి మనలో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. విజ్ఞానశాస్త్రంలో ఏది బయటపడినా "ఇది మాకు పద్నాలుగు శతాబ్దాల క్రితమే తెలుసు" అని చంకలు గుద్దుకుంటాం. నేనూ మొదట అదే చేయబోయాను. కాని అలా అనడం వల్ల ఎవరికి మేలు? తెలిసినవాళ్ళమైతే మన బజారుల్లో, మన ఇళ్ళల్లో ఆ తెలివి కనిపించాలి. కనిపించనప్పుడు ఆ గొప్ప మనది కాదు, ఆ నింద మాత్రమే మనది. అందుకే నేను ఈ శాస్త్రాన్ని ధర్మానికి సాక్షిగా పిలవడం లేదు. దాన్ని దాని దారిన చివరిదాకా నడవనిచ్చి, ఎక్కడ ఆగిపోతుందో చూస్తున్నాను. నాకు అది రెండు చోట్ల ఆగినట్టు కనిపించింది.

పొరపాటు అనే బండరాయి

మొదటి చోటు పొరపాటు. కంప్యూటర్ పోటీలో ఎదుటివాడు ఏం చేశాడో స్పష్టంగా తెలుస్తుంది. జీవితంలో అలా తెలియదు. చెప్పిన మాట ఒకటి, వినపడిన మాట ఒకటి. చెల్లుకు చెల్లు పాటించే ఇద్దరి మధ్య ఒక్క పొరపాటు దొర్లితే ఏమవుతుంది? ఒకడు అనుకోకుండా తప్పుతాడు. రెండోవాడు బదులు తీర్చుకుంటాడు. దానికి మొదటివాడు బదులు తీర్చుకుంటాడు. ఇద్దరూ న్యాయంగానే ఉన్నామనుకుంటారు. పగ మాత్రం ఆగదు.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసిన విషయం కాదు. మా మామూ గారి పెద్దబ్బాయి పెళ్ళికి మాకు పిలుపు రాలేదు. అమ్మీకి సొంత తమ్ముడు ఆయన. లారీ మెకానిక్కు, చదువు లేదు. నేను ఆలిమ్‌నయ్యాను కాబట్టి కావాలనే పక్కన పెట్టారని మనసులో అనుకున్నాను. ఆరు నెలల తర్వాత మా పాప అఖీఖాకు నేను వారిని పిలవలేదు. ఆ తర్వాత అబ్బాజాన్ ఆసుపత్రిలో ఉంటే మామూ రాలేదు. రంజాన్ పండక్కి నేను వారింటికి పోలేదు. నాలుగేళ్ళు గడిచాయి. పండగ పూట షీర్‌ఖుర్మా గిన్నెలు సర్దుతూ అమ్మీ వీధి తలుపు వైపు చూడడం నేను చూస్తూనే ఉన్నాను. బంధుత్వాలు తెంచుకోవడం ఎంత పాపమో ఆ నాలుగేళ్ళలో నేను ఎన్నో ప్రసంగాల్లో చెప్పాను!

తర్వాత తెలిసింది, మా పెళ్ళి కార్డు ఒక పిల్లవాడి చేతికిచ్చి పంపారు. వాడు దాన్ని ఒక కొట్టులో పెట్టి మరిచిపోయాడు. అంతే. ఒక కార్డు, నాలుగేళ్ళు.

1992లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ అనే గణితవేత్తలు ఇలా పొరపాట్లు జరిగే లోకంలో ఏ వ్యూహం నిలుస్తుందో పరిశీలించారు. కఠినమైన చెల్లుకు చెల్లు ముందు మోసగాళ్ళను అణచింది గాని, చివరికి తానే వెనకబడింది. దాని స్థానంలో ఉదారంగా ఉండే వ్యూహం నిలిచింది. మేలుకు ఎప్పుడూ మేలే చేస్తుంది. కీడుకు మాత్రం కొన్నిసార్లు బదులు తీర్చుకోకుండా వదిలేస్తుంది. ఆక్సెల్‌రాడ్ వాడిన మార్కుల ప్రకారం చూస్తే, సుమారు మూడింట ఒకసారి. ఎవరో ఒకరు, బాకీ లేకపోయినా, ముందు మెట్టు దిగాలి. లేకపోతే గొలుసు తెగదు.

బుఖారీ గ్రంథంలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. మేలుకు మేలు చేసినంత మాత్రాన బంధుత్వ సంబంధాలు నిలబెట్టినవాడు కాడనీ, తెంచుకున్నవారితో కలుపుకొనేవాడే ఆ పేరుకు తగినవాడనీ దైవప్రవక్త (సల్లం) బోధించారని దాని భావం. అరబీలో ఆ బదులు తీర్చేవాడికి వాడిన మాట "ముకాఫీ". సరిసమానంగా చెల్లించేవాడని అర్థం. నేను నాలుగేళ్ళు మంచి ముకాఫీగా ఉన్నాను. చెడుకు చెడు సరిగ్గా తూచి ఇచ్చాను. ధర్మం నా నుంచి కోరింది అది కాదు.

క్షమకు కూడా కాపలా కావాలి

అయితే అన్నింటినీ క్షమించేయడమేనా మార్గం? కాదు. ఇక్కడ కూడా ఆ పోటీలు ఒక పాఠం చెబుతాయి. వరసగా రెండు దెబ్బలు తగిలితే తప్ప బదులు ఇవ్వని ఒక మెతక వ్యూహం ఉంది. మొదటి పోటీలో అది పాల్గొని ఉంటే గెలిచేదని ఆక్సెల్‌రాడ్ తేల్చాడు. అది చదివి జాన్ మేనార్డ్ స్మిత్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త రెండో పోటీకి దాన్నే పంపాడు. 24వ స్థానం వచ్చింది. దాని మంచితనాన్ని వాడుకునే జిత్తులమారులు ఈసారి పోటీలో ఉన్నారు. మంచితనం ఎంత ఉండాలన్నది చుట్టూ ఎవరున్నారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఇద్దరి విషయంలోనే ఇంత చిక్కు ఉంటే, వందల మంది కలిసి వాడుకునే వాటి సంగతి ఏమిటి? మన రాయలసీమలో ఈ బాధ అందరికీ తెలుసు. ఒకడు మూడు వందల అడుగుల బోరు వేస్తే పక్కవాడు అయిదు వందలు వేస్తాడు. మొదటివాడి బోరు ఎండుతుంది. అతను అప్పుచేసి ఇంకా లోతుకు వెళతాడు. ఎవరూ దుర్మార్గులు కారు. అందరూ తమ పంటను కాపాడుకోవాలనుకున్నవారే. చివరికి నేల కింద నీరూ మిగలదు, ఇంట్లో డబ్బూ మిగలదు. ఖైదీల కథే ఇది, ఊరంతా ఖైదీలైన కథ.

ఉమ్మడి ఆస్తికి ఈ గతి తప్పదని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాశాడు. దానికి సమాధానం మరో అమెరికన్, ఎలినార్ ఆస్ట్రమ్ దగ్గర దొరికింది. ఆమె 1990లో వెలువరించిన పుస్తకంలో, శతాబ్దాలుగా ఉమ్మడి నీటినీ, పచ్చికనూ పాడుచేసుకోకుండా కాపాడుకున్న ఊళ్ళ అనుభవాన్ని వివరించారు. 2009లో ఆమెకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే.

ఆమె చూపిన ఉదాహరణల్లో ఒకటి స్పెయిన్‌లోని వాలెన్సియా. అక్కడ కాలువ నీళ్ళ తగాదాలు తీర్చడానికి రైతులే ఎన్నుకున్న పెద్దల సభ ఒకటి ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి ద్వారం దగ్గర కూర్చుంటుంది. వాదనలన్నీ నోటిమాటే. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. 1238 వరకు ఆ పట్నం ముస్లింల పాలనలో ఉండేది. ఆ చర్చి ఉన్న చోట ఒకప్పుడు మసీదు ఉండేది. ఆ సభ మూలాలు కూడా ఆ కాలానివేనని అక్కడివారి నమ్మకం. కాలువకు స్పానిష్‌లో వాడే "అసేకియా" అనే మాట అరబీలోని "సాఖియా" నుంచి వచ్చిందే. పాలకులు మారారు, మతం మారింది, భాష మారింది. నీటి న్యాయం మాత్రం నిలిచింది.

ఎలా నిలిచింది? అలాంటి ఊళ్ళన్నింటిలోనూ ఆస్ట్రమ్ కొన్ని ఉమ్మడి లక్షణాలు గుర్తించారు. నియమాలు పెట్టుకునేది ఆ రైతులే. కాపలా కాసేవారు ఆ రైతులకు జవాబుదారులు. తగాదా తీర్చే చోటు దగ్గరలో ఉంటుంది, ఖర్చు ఉండదు. మొదటి తప్పుకు చిన్న జరిమానా, మళ్ళీ చేస్తే పెద్దది. అంటే మొదటిసారి తప్పినవాణ్ణి శత్రువుగా చూడరు, కాని చూసీచూడనట్టు వదిలేయరు కూడా. మన దగ్గర కూడా 2000 దశకంలో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వంటి ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. రైతులే వాననూ, బావుల్లో నీటి మట్టాన్నీ కొలిచి, ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో రబీకి ముందు అందరి ఎదుటా లెక్క వేసుకున్నారు. కింద ఎంత ఉందో అందరికీ తెలిసినప్పుడు పైన దాపరికానికి చోటు తగ్గుతుంది.

పడవ హదీసు మనందరికీ తెలిసిందే. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖనం. పడవలో కింది అంతస్తువాళ్ళు నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి రావడమెందుకని తమ వాటాలోనే రంధ్రం చేసుకోవాలనుకుంటారు. పైవాళ్ళు ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టుకొని ఆపితే అందరూ బతుకుతారు. ఇందులో రంధ్రం చేసేవాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు, పైవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదనే. అయినా ఆపాలి. చేయి పట్టుకోమన్నారు గాని చేయి నరకమనలేదు. ఊరుకోమనీ అనలేదు.

సహకారం అన్నంత మాత్రాన మంచిదా?

ఇంకో మాట. 2004లో ఆక్సెల్‌రాడ్ పోటీ లాంటిదే మళ్ళీ ఒకటి పెట్టారు. ఈసారి ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ బృందం గెలిచింది. వారు ఒకటి కాదు, 60 వ్యూహాలు పంపారు. అవి మొదటి కొన్ని ఎత్తుల్లో రహస్య సంజ్ఞలతో ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. తమవాడని తెలిస్తే ఒకటి తలవంచి రెండోదాన్ని గెలిపిస్తుంది. పరాయివాడైతే దెబ్బ మీద దెబ్బ. అలా మొదటి మూడు స్థానాలూ వారికే దక్కాయి. అడుగు స్థానాల్లో కూడా వారివే ఎక్కువ.

ఇది చదివి నేను ఉలిక్కిపడ్డాను. ఇది మన కులాల కథ, వర్గాల కథ, ముఠాల కథ. తమవాడైతే తప్పు కూడా ఒప్పు, పరాయివాడైతే ఒప్పు కూడా తప్పు. దీన్నే మన పరిభాషలో అసబియ్యత్ అంటాం. దొంగల ముఠాలో కూడా సహకారం ఉంటుంది. అందుకే దివ్య ఖుర్ఆన్ సహకారాన్ని ఊరికే మెచ్చుకోలేదు. మంచిలో, దైవభీతిలో సహకరించుకోమంది, పాపంలో, దౌర్జన్యంలో వద్దంది. ఎవరితో అన్నది కాదు, దేనిలో అన్నది ముఖ్యం.

చివరి ఆట

ఇక ఆ శాస్త్రం ఆగిపోయే రెండో చోటు. రేపు మళ్ళీ ఎదురుపడాలి కాబట్టి సహకరిస్తారని ముందే చెప్పుకున్నాం. మరి రేపు అనేది లేకపోతే? ఇదే చివరి ఆట అని ఇద్దరికీ తెలిస్తే ఇక భయం లేదు, మోసగించడమే లాభం. చివరి ఆటలో మోసం ఖాయమైతే దాని ముందు ఆటలో మంచిగా ఉండి ఏం లాభం? అలా వెనక్కి వెనక్కి లెక్కవేసుకుంటూ పోతే మొదటి ఆట దాకా అంతా కూలిపోతుంది. ఈ చిక్కు వల్లనే ఆక్సెల్‌రాడ్ రెండో పోటీలో ఆట ఎప్పుడు ముగుస్తుందో ముందుగా తెలియకుండా చేశాడు.

జీవితంలో ఇలాంటి చివరి ఆటలు చాలా ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయే అద్దెదారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊరు రాని ప్రయాణికుడు. రేపు పదవీ విరమణ చేసే ఉద్యోగి. మరణశయ్య మీద ఉన్న మనిషి. వీరిని ఏ లెక్క నిజాయితీగా ఉంచుతుంది?

విశ్వాసి దగ్గర దీనికి జవాబు ఉంది: చివరి ఆట అనేది లేదు, లెక్క తీసుకునేవాడు ఒకడున్నాడు. ఈ జవాబు నిజం. కాని ఆ కుర్రవాడు ఊరుకోలేదు. "అయితే మౌలానా సాబ్, విశ్వాసి ఇంకా పెద్ద లెక్కలవాడన్నమాట. వాడు ఈ లోకంలో లాభం చూస్తే, మనం ఆ లోకంలో లాభం చూస్తున్నాం. తేడా ఏముంది?" అన్నాడు.

మంచి ప్రశ్న. మన పెద్దలు దీన్ని దాటవేయలేదు. ఇమామ్ గజాలీ తన ఇహ్యా గ్రంథంలో నియ్యత్, ఇఖ్లాస్‌ల గురించి ప్రత్యేకంగా చర్చించారు. స్వర్గం మీద ఆశతో చేసే ఆరాధన చెల్లుతుందన్నారు, కాని కేవలం అల్లాహ్ ప్రసన్నత కోసం చేసేవారి అంతస్తు దానికన్నా ఎంతో పైన అన్నారు. అందరూ ఆ అంతస్తులో లేరు. నేనూ లేను. అయినా కింది మెట్టు మీద ఉన్నవాడికి కూడా ఒక పెద్ద మేలు జరుగుతుంది. నా పుణ్యం లెక్క అల్లాహ్ దగ్గర ఉన్నప్పుడు, ఎదుటి మనిషి నా బాకీదారు కాకుండా పోతాడు. అతను తిరిగి ఇస్తాడా లేదా అని నేను కనిపెట్టుకొని కూర్చోనవసరం లేదు. నా నుంచి మేలు పొందినవాడు నా ముందు తల వంచుకోనవసరం లేదు. లెక్క పోలేదు, నిజమే. కాని అది మా ఇద్దరి మధ్య నుంచి పక్కకు తప్పుకుంది. మనిషిని మనిషిగా చూడడానికి ఆ మాత్రం చోటు చాలు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన మరో హదీసు ఇక్కడ గుర్తొస్తుంది. ప్రళయం వచ్చేస్తున్న క్షణంలో చేతిలో మొక్క ఉంటే, వీలైతే నాటేయమన్నారు దైవప్రవక్త (సల్లం). ఆ చెట్టు నీడన ఎవరూ కూర్చోరు. దాని పండు ఎవరూ తినరు. అంతకన్నా చివరి ఆట ఇంకేముంటుంది? అయినా నాటమన్నారు.

మా మామూ విషయం సగంలో వదిలేశాను. కార్డు సంగతి బయటపడిన తర్వాత కూడా నేను వెళ్ళలేదు. "పొరపాటు వారిది కదా, వారే రానీ" అనుకున్నాను. ఆ బక్రీద్‌కు మామూయే వచ్చారు. అప్పటికే గుండె జబ్బుతో మనిషి సగమయ్యారు. గుమ్మం దగ్గర కాస్త ఆగి ఆయాసం తీర్చుకున్నారు. నేను సంజాయిషీ మొదలుపెట్టబోతే చేయి అడ్డుపెట్టి, "వదిలెయ్ బేటా, ఎవరిది తప్పని తేల్చుకునే టైము నాకు లేదు. ఆపాను చూసి పోదామని వచ్చాను" అన్నారు. అమ్మీ వంటింట్లోంచి వచ్చి తమ్ముణ్ణి చూసి మాట రాక నిలబడిపోయింది.

పట్టిక ప్రకారం చివరి ఆటలో ఉన్న మనిషికి సహకరించడం వల్ల లాభమేమీ లేదు. మా మామూ చివరి ఆటలోనే మెట్టు దిగారు. గ్రంథాలు చదివినవాణ్ణి నేను. ఆచరించింది ఆయన.

ఒక్కడి వల్ల ఏమవుతుంది?

లోకమంతా మోసంతో నిండినప్పుడు ఒక్కడు మంచిగా ఉండి ఏం చేయగలడని చాలామంది అంటారు. 1992లోనే నోవాక్, రాబర్ట్ మే అనే శాస్త్రవేత్తతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. చదరంగపు బల్లలాంటి గళ్ళలో కొందరు సహకరించేవాళ్ళు, కొందరు ద్రోహులు. ఎవరికీ జ్ఞాపకశక్తి లేదు, ముందుచూపు లేదు. ఒక్కొక్కరు తమ చుట్టూ ఉన్నవాళ్ళతోనే ఆడతారు. తర్వాత వాళ్ళలో ఎవరు బాగుపడ్డారో చూసి వారిని అనుకరిస్తారు. ద్రోహుల మధ్య ఒంటరిగా ఉన్న మంచివాడు నిలవలేకపోయాడు. కాని మంచివాళ్ళు పక్కపక్కన గుంపుగా ఉన్న చోట నిలబడ్డారు, ఆ గుంపులు పూర్తిగా అంతరించలేదు. పెద్ద వ్యవస్థల స్వభావం ఇదే. పైనుంచి ఎవరూ ఆజ్ఞాపించకుండానే, ఇరుగుపొరుగు చేసే చిన్న చిన్న పనుల నుంచి మొత్తం రూపు దిద్దుకుంటుంది.

కాబట్టి సమాజాన్ని మార్చే బాధ్యత మన మీద లేదేమో గాని, మన వీధి బాధ్యత ఉంది. ఒక నమ్మకమైన దుకాణం, దాని పక్కన ఇంకొకటి. మాట మీద నిలబడే ఒక ఇల్లు, దాని ఎదుట ఇంకొకటి.

ఆ యువకుడికి నేను చివరికి చెప్పింది ఇంతే: "నీ పట్టిక తప్పు కాదు బాబూ. రేపు లేని ఇద్దరు మనుషుల గురించి అది నిజమే చెబుతోంది. నువ్వు అలాంటి మనిషివి కావు. నీకు రేపు ఉంది, ఇరుగుపొరుగు ఉన్నారు, రేపు తర్వాత కూడా ఒక రోజు ఉంది. మోసపోకు. చేయి పట్టుకొని ఆపవలసిన చోట ఆపు. కాని ఎవరు ముందన్న ప్రశ్న వస్తే మాత్రం నువ్వే ముందుండు."

ప్రియ పాఠకులారా! ఈ వ్యాసం చదివి పక్కన పెట్టే ముందు ఒక్క పేరు గుర్తుచేసుకోండి. ఏదో ఒక పాత మాట వల్ల మీరు పలకరించడం మానేసిన మనిషి పేరు. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగకండి. ఆ తలుపు తట్టే ధైర్యాన్ని, ముందు మెట్టు దిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.